ఊళ్లో జరిగే పాత కార్ల షోలకి మామూలు బళ్లు తీసుకెళ్తున్నారా?

స్టీరింగ్‌గేరు
మొన్న ఆదివారం మా హైదరాబాద్‌లో పాత కార్ల షో జరిగితే నా ప్రీమియర్ పద్మిని కారు తీసుకెళ్లాను. 1976 బండి. రంగు ఫ్యాక్టరీలో వేసిందే, అక్కడక్కడా వెలిసి ప్రైమర్ కనిపిస్తుంది. ముందు బెంచి సీటు రెక్సిన్ కూడా అప్పటిదే. స్టీరింగ్ పక్కన గేరు, అదే 1089 సీసీ ఇంజిను, ఇంజిన్ నంబరూ ఛాసిస్ నంబరూ ఆర్సీతో కలుస్తాయి.

గేటు దగ్గరతను చూసి "ఓ, పద్మినేనా సార్, వెనక జనరేటర్ పక్కన పెట్టుకోండి" అన్నాడు. ముందు వరసంతా బ్యూక్, షెవర్లే, పాత బెంజ్. వాటి మీద నాకేం కోపం లేదు, నేనూ చాలాసేపు వాటి చుట్టూనే తిరిగాను. కానీ ఆ "పద్మినేనా" అన్న మాట గుచ్చుకుంది.

మధ్యాహ్నానికి జనం పెరిగారు. మంచినీళ్లు తాగి వచ్చేసరికి ఒకాయన పిల్లాణ్ణి బానెట్ మీద కూర్చోబెట్టి ఫొటో తీస్తున్నాడు. బెల్టు బకిల్ రాసుకుని జానెడు గీత. ఆ రంగు మళ్లీ రాదు. సాయంత్రం "బెస్ట్ ఇండియన్ కార్" బహుమతి దేనికిచ్చారంటే, మెటాలిక్ ఎరుపు కొట్టించి, అల్లాయ్ వీల్స్, పవర్ విండోస్ పెట్టించిన ఇంకో పద్మినికి.

ఇలాంటి మామూలు బళ్లున్నవాళ్లు షోలకి తీసుకెళ్తున్నారా? తీసుకెళ్తే ఏమేం చూసుకుంటున్నారు?

బెజవాడ_అంబి
అల్లాయ్ వీల్స్ పద్మినికి బహుమతా! జడ్జీలు ఎవరండీ అసలు?

స్టీరింగ్‌గేరు
స్పాన్సర్ల తరఫున వచ్చినవాళ్లు. ఒక్క బండికీ బానెట్ ఎత్తించలేదు.

బెజవాడ_అంబి
బానెట్ ఎత్తకుండా కారుకి మార్కులేంటండీ, పెళ్లిచూపులకెళ్లి గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చినట్టు!

ఆటోనగర్_టింకర్
అందరూ కలిసి ఆ ఎర్ర పద్మిని ఓనర్ మీద పడకండి. విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ పని నాది, మా నాన్నదీ అదే. నా దగ్గరికొచ్చే పాత బళ్లలో చాలావాటికి ఫ్లోరు ఉండదు. కార్పెట్ ఎత్తితే నేల కనిపిస్తుంది. డోరు కింద సిల్లు చేత్తో నొక్కితే పొడిపొడిగా రాలిపోతుంది. అలాంటి బండిని కంపెనీ రంగు అని అలాగే ఉంచితే ఇంకో రెండు వానాకాలాలు కూడా నిలవదు. ఖర్చుపెట్టి షీటు కొట్టించి రంగు వేయించినవాడు ఆ బండి తుక్కు కాటాకి పోకుండా ఆపాడు. అది చిన్న పని కాదు.

అల్లాయ్ వీల్స్ నాకూ నచ్చవు. కానీ అవి బోల్టులు విప్పితే పోతాయి. కోసి పారేసిన బాడీ మళ్లీ రాదు.

గుంటూరు_హెరాల్డ్
టింకర్ గారి మాట సగం ఒప్పుకుంటాను. బండిని బతికించడానికి చేయించిన పని వేరు, సోకు కోసం మార్చడం వేరు. రెంటికీ కలిపి ఒకే బహుమతి పెట్టడంలోనే ఉంది తిరకాసు. కాంకూర్ అనే పెద్ద పాత కార్ల పోటీల్లో ప్రిజర్వేషన్ క్లాస్ అని విడిగా ఉంటుంది. మొదటి రంగు, మొదటి సీట్లతో నిలబడ్డ బళ్లు అందులోకి వస్తాయి. రీస్టోర్ చేసిన వాటిలో కూడా ఫ్యాక్టరీ పెట్టినదానికంటే ఎక్కువ మెరుగు పెడితే మార్కులు కోస్తారు. 2017లో ఫలక్‌నుమా ప్యాలెస్‌లోనే కార్టియే నగల కంపెనీ వాళ్ల కాంకూర్ జరిగింది, కాబట్టి హైదరాబాద్ వాళ్లకి ఈ పద్ధతి తెలియదని ఎవరూ అనలేరు.

ఇక బానెట్ సంగతి. మాది 1967 స్టాండర్డ్ హెరాల్డ్, డాక్టరైన నాన్నగారు ప్రాక్టీసుకి తిరిగిన బండి. దాని బానెట్ మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకి లేస్తుంది. షోలో దాన్ని ఎత్తే ఉంచుతాను. ఎవరూ కూర్చోలేరు, పైగా ముందు సస్పెన్షన్ అంతా బయటికి కనిపిస్తుంది. ఒక పిల్లని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్ తిప్పమంటాను, ఇంకో పిల్లవాడు ముందు నిలబడి రాడ్డు జరగడం, చక్రం తిరగడం చూసి కేకలు పెడతాడు. ఇద్దరూ స్థలాలు మార్చుకుంటారు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఎవరూ ఇప్పటిదాకా నా బండికి గీత పెట్టలేదు.

చార్మినార్_చోక్
ఏందన్నా @స్టీరింగ్‌గేరు, గింతదానికే దిల్ చోటా చేసుకుంటవా? ముందటి వరసల బ్యూక్ కాడ జనం ఫొటో దిగి పోతరు. మన బండ్ల కాడ ఆగి మాట్లాడతరు. గది గమనించినవా?

నాది అంబాసిడర్ మార్క్ టూ. పోయిన షోల ఒక పెద్దమనిషి వచ్చిండు, సర్కారు బండి నడిపి రిటైర్ అయిండట. సెల్ఫ్ కొట్టమన్నడు, కొట్టిన. కండ్లు మూసుకొని ఇన్నడు. "మూడో ట్యాపెట్ జర లూజున్నది బిడ్డా" అన్నడు. డ్రైవర్ సీట్ల కూసోమన్న. కూసున్నడు, ఎడమ చెయ్యి చూడకుంటనే గేర్ రాడ్ మీదికి పోయింది. న్యూట్రల్‌ల పెట్టి రెండు సార్లు అటూ ఇటూ ఊపి చూసుకున్నడు, గిప్పటికీ రోజూ డ్యూటీకి పోయేటోని లెక్క. ఇంటికి పోయినంక ఇంజిన్ వాల్వుల మీది కవర్ ఇప్పి సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే లూజున్నది మూడోదే.

చౌమహల్లాల నిజాం పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉన్నది, 1912 సిల్వర్ ఘోస్ట్. ఎన్నిసార్లు పోయినా కండ్లార్పకుంట చూస్త. కానీ గది మా నాయిన నడపలె, మీ నాయిన నడపలె.

విశాఖ_విల్లీస్
చోక్ అన్న చెప్పిన పెద్దాయన్ని పట్టుకుని జడ్జిగా పెట్టండి. మాటవరసకి కాదు, నిజంగానే అంటున్నా. బహుమతులిచ్చే బల్ల దగ్గర అలాంటివాళ్లు ఇద్దరుండాలి.

బెజవాడ_అంబి
దీనికి నా ఓటు. రెండు చేతులూ ఎత్తి.

డెట్రాయిట్_శివారు
ఇక్కడ మిషిగన్‌లో ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది, 1995 నుంచి. ఫర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా 16 మైళ్లు వుడ్‌వర్డ్ రోడ్డు పొడుగునా పాత కార్లు నడుస్తూ పోతుంటాయి, జనం ఫుట్‌పాత్ మీద మడతకుర్చీలు వేసుకుని చూస్తారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆశ్చర్యపోయింది ఒక్క విషయానికే: అక్కడ తిరిగేవాటిలో రాజుల కార్లు తక్కువ. ఒకప్పుడు ఇక్కడ ప్రతి వీధిలో ఉన్న ఫోర్డ్, షెవర్లే, ప్లిమత్‌లే ఎక్కువ. మా నాన్న ఫ్యాక్టరీలో దీని తలుపులు బిగించాడు అని చెప్పే ముసలివాళ్లు పక్కనే ఉంటారు.

చిన్న పేటల్లో జరిగే షోలకి కూడా వెళ్తుంటాను. ఓనర్ కుర్చీ వేసుకుని బండి పక్కనే కూర్చుంటాడు, కదలడు. ముందు అద్దం దగ్గర ఒక అట్ట: ఏ సంవత్సరం, ఎక్కడ కొన్నారు, ఏం మార్చారు, ఏం మార్చలేదు. అది చదివాక ఎవరికీ చెయ్యి వేయబుద్ధి కాదు. వేయాలనుకున్నవాళ్లు అడుగుతారు. మన దగ్గర ఆ అట్ట తెలుగులో రాసి పెడితే చాలు, సగం గొడవ తీరుతుంది.

గుంటూరు_హెరాల్డ్
@డెట్రాయిట్_శివారు అట్ట ఆలోచన బాగుంది. "ఏం మార్చలేదు" అన్న గడి ముఖ్యం. దాన్ని పైన రాయాలి.

ముందువరస_1947
ఈ చర్చ చదువుతూ ఊరుకోలేకపోయాను. ఆ ముందు వరసలో ఉన్న బళ్లలో ఒకటి నాది. మీలో కొందరు మమ్మల్ని డబ్బున్న వాళ్ల గుంపుగా చూస్తున్నట్టుంది. మా తాతగారి బండి చింతచెట్టు కింద కోళ్లు పొదిగే స్థితిలో ఉంటే తెచ్చుకున్నాం. ఒక్క హబ్‌క్యాప్ కోసం అమెరికా వేలంపాటల్లో ఏళ్లు వెతికాను. ముందు వరస నేను అడగలేదు, నిర్వాహకులు పెట్టారు. జనాన్ని గేటు దాకా రప్పించేది ఆ బళ్లే అన్నది వాళ్ల లెక్క, అందులో కొంత నిజముంది.

అయితే స్టీరింగ్‌గేరు గారి బాధ న్యాయమైనది. ఫ్యాక్టరీ రంగుతో నడుస్తున్న పద్మిని ఇవాళ నా బండి కంటే సులువుగా దొరుకుతుందని నేననుకోను. ఎందుకంటే దాన్ని ఎవరూ దాచుకోలేదు. ట్యాక్సీగా తిప్పారు, అరిగాక అమ్మేశారు.

స్టీరింగ్‌గేరు
@ముందువరస_1947 మీ మీద ఒక్క మాట కూడా అనలేదండీ. బ్యూక్ మీదేనా? వెనక సీటు మీద అల్లిన ఊలు కుషను ఉంది కదా, దాని ముందు చాలాసేపు నిలబడ్డాను.

ముందువరస_1947
అదే. అమ్మమ్మ అల్లింది. ఈసారి కనిపిస్తే పలకరించండి, లోపల కూర్చుందురుగాని.

కొత్తగా_వచ్చా
నాదో చిన్న ప్రశ్న. మా తాతయ్య మారుతి 800 ఉంది, 1986ది. షెడ్డులో కవరు కప్పి చాలా ఏళ్లయింది. అలాంటిది షోకి తెస్తే పక్కకి పెట్టేస్తారా? వింటేజ్ అనడానికి ఎన్నేళ్లుండాలి?

ఆర్సీ_కార్డు
రెండు లెక్కలున్నాయి, కలపకండి.

క్లబ్బులు, షోలు ఎక్కువగా ఫీవా (పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య) పద్ధతి పాటిస్తాయి. అంటే 30 ఏళ్లు దాటితే చారిత్రక వాహనం. ఆ లెక్కన మీ 800 నిక్షేపంగా వస్తుంది.

ప్రభుత్వ లెక్క వేరు. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ కోసం విడిగా పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజిను పెద్దగా మార్చి ఉండకూడదు. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లకి. తర్వాత రెన్యూవల్‌కి 5,000. కొత్త నంబరైతే మధ్యలో 'వీఏ' అక్షరాలొస్తాయి. ముందే రిజిస్టరై ఉన్న బండి పాత నంబరు ఉంచుకోవచ్చు, మన మూడక్షరాల పాత నంబర్ల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లకి ఇది పెద్ద ఊరట.

కానీ ఒక మెలిక ఉంది. వింటేజ్ కింద రాయించుకుంటే రోజూ తిప్పుకోవడం కుదరదు. ప్రదర్శన, ర్యాలీ, టెక్నికల్ రీసెర్చ్, పెట్రోలు, రిపేరు, వీటికే రోడ్డెక్కాలి. ఆదివారం పిల్లల్ని టిఫినుకి తీసుకెళ్లే అలవాటున్నవాళ్లు మామూలు ఆర్సీయే రెన్యూవల్ చేయించుకోవడం మేలు.

చార్మినార్_చోక్
టిఫినుకి పోవుడే అసలు షో అన్నా. నా అంబాసిడర్ ఇరానీ హోటల్ ముంగట ఆపితే చాయ్ తాగెటోళ్లంత బయటికొస్తరు.

బెజవాడ_అంబి
@కొత్తగా_వచ్చా పక్కకి పెట్టేవాళ్లెవరూ లేరిక్కడ. మొదటి 800 తాళాలు ఇందిరా గాంధీ గారు ఢిల్లీలో 1983 డిసెంబరు 14న ఇచ్చారు. 1986లోనే బాడీ మారింది. మీది పాత పెట్టె ఆకారమా, తర్వాత వచ్చిన గుండ్రటిదా? పాతదైతే అది మొట్టమొదటి మోడలు, ఎస్‌ఎస్80. రేపే కవరు తీసి ఫొటో పెట్టండి.

కొత్తగా_వచ్చా
పెట్టె ఆకారమే!! ముందు గ్రిల్లు నల్లగా చదునుగా ఉంటుంది.

బెజవాడ_అంబి
అయితే దాన్ని ఎవరికీ అమ్మకండి. అడిగేవాళ్లొస్తారు.

రాణిగంజ్_రోజూ
షోకి వెళ్లే ముందు చూసుకోవాల్సింది ఎవరూ రాయలేదు. పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది. మన బళ్ల రబ్బర్లు దానికి పుట్టినవి కావు. ఫ్యూయల్ పంపు డయాఫ్రం, ట్యాంకు నుంచి వచ్చే పైపులు, కార్బ్యురేటర్ వాషర్లు ఉబ్బుతాయి, మెత్తబడతాయి, చివరికి చీలతాయి. ఇథనాల్ తేమను లాగుతుంది కాబట్టి నెలల తరబడి ట్యాంకులో ఉంచితే లోపల తుప్పు. ఆ తుప్పు లేచి వచ్చి కార్బ్యురేటర్ జెట్టులో, అంటే పెట్రోలు వచ్చే సన్న రంధ్రంలో ఇరుక్కుంటుంది. బండి షోకి వెళ్లేదాకా బాగానే ఉంటుంది, తిరుగు దారిలో ఫ్లైఓవర్ మీద దగ్గుతుంది.

మామూలు నల్ల రబ్బరు పైపు తీసేసి ఇథనాల్‌ని తట్టుకునే విటాన్ రబ్బరు పైపు వేయండి. మీటరు ఖరీదు ఎక్కువే, కానీ మీకు కావాల్సింది మూరెడు. షో అయిపోయి బండి షెడ్డులో పెట్టేస్తే ట్యాంకు నుంచి పంపుకి వచ్చే పైపు ఊడదీసి, దాని కొస మూసి, కార్బ్యురేటర్ ఖాళీ అయ్యేదాకా ఇంజిను నడపండి.

విశాఖ_విల్లీస్
దానికి తోడు వేడి. పార్కింగులో వరసగా నిలబెట్టి, ర్యాలీ జెండా ఊపేదాకా ఐడిల్‌లో ఉంచుతారు. ఇంజిను పక్కనే ఉన్న పంపులో పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతుంది. నీళ్లసీసా, ఒక నూలుగుడ్డ ఎప్పుడూ బండిలో ఉండాలి. తడిగుడ్డ పంపుకి చుట్టి కాసేపు ఆగితే మళ్లీ అందుకుంటుంది. చుట్టూ చేరినవాళ్లు "పాత బండి కదా" అని జాలి పడతారు, పట్టించుకోకండి.

సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఇంకోటి. షో నుంచి రాగానే కింద భాగం మంచినీళ్లతో కడిగి, డోర్ల అడుగున ఉండే నీళ్ల రంధ్రాలు పుల్లతో గుచ్చి తెరవాలి. టింకర్ గారు చెప్పిన ఆ పొడిపొడి సిల్లు మొదలయ్యేది ఆ రంధ్రాలు మూసుకుపోయినప్పుడే.

ఆటోనగర్_టింకర్
నూటికి నూరు పాళ్లు నిజం. ఇంకో మాట, షోలో బండి కొనేవాళ్ల కోసం. చిన్న అయస్కాంతం పల్చటి గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకోండి. వీల్ ఆర్చీల మీద, డోరు కింద ఆనించి చూడండి. అంటుకోకపోతే అక్కడ ఇనుము లేదు, పుట్టీ ఉంది.

డెట్రాయిట్_శివారు
స్పేర్ల గురించి: అంబాసిడర్ 1489 సీసీ ఇంజిను బ్రిటిష్ కార్ల కంపెనీ బీఎంసీ వాళ్ల బీ సిరీస్‌ది. ఎంజీఏ, ఎంజీబీ కార్లలో వచ్చింది ఆ కుటుంబమే. బ్రిటన్‌లో ఆ బళ్లకి ఇప్పటికీ కొత్త భాగాలు తయారవుతున్నాయి. అన్నీ కలవవు, కొలతలు సరిచూసుకుని తెప్పించుకోవాలి. కానీ దొరకదని ఆశ వదులుకునేముందు అక్కడ వెతకండి.

రాణిగంజ్_రోజూ
అంబీకి ఇక్కడే దొరుకుతాయి, బ్రిటన్ దాకా ఎందుకు? 2014 దాకా బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన బండి. పద్మినికే కష్టం. బాడీ రబ్బర్లు, వెనక లైటు అద్దాలు.

గుంటూరు_హెరాల్డ్
అసలు విషయానికొద్దాం. నిర్వాహకులకి ఊరికే ఫిర్యాదు రాస్తే పక్కన పడేస్తారు. ఏం చేయొచ్చో రాసిస్తే వింటారు. నాకు తోచింది చెప్తాను.

భారత్‌లో తయారైన బళ్లని వెనక వరసలో ఇష్టమొచ్చినట్టు కాకుండా, సంవత్సరాల వరసలో నిలబెట్టమందాం. 1954 ల్యాండ్‌మాస్టర్, అదే కాలపు ఫియట్ 1100 (ముద్దుపేరు డుక్కర్), తర్వాత అంబాసిడర్, 1961 నుంచి హెరాల్డ్, 1964లో వచ్చిన ఫియట్ 1100 డిలైట్, అదే బండి పేరు మార్చుకుని 1974 నుంచి పద్మిని, 1983 మారుతి, 1984 కాంటెస్సా. ఆ వరస పక్కన నడిచి వెళ్తే కార్ల తయారీకి ప్రభుత్వ లైసెన్సు కావాల్సిన కాలంలో మనకి ఎన్ని రకాల కార్లు దక్కాయో, డబ్బు కట్టి ఎన్నేళ్లు ఎదురుచూశారో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. పెద్దవాళ్లు తమ బండి దగ్గర ఆగిపోతారు. నాన్నగారి పేషెంట్లు కొందరు నా హెరాల్డ్ హారన్ విని గుర్తుపట్టారు, ఆ మాట వాళ్ల పిల్లలకి చెప్తుంటే నేను పక్కనే ఉన్నాను. ఆ వరసకి ఒక తాడు, ఒక పందిరి, ఒక ప్రిజర్వేషన్ బహుమతి. ఖర్చు పెద్దగా లేదు.

ముందువరస_1947
ఈ కాగితం నేను తీసుకెళ్తాను. నిర్వాహకులు నా మాట వింటారు. అవసరమైతే నా బండి కూడా ఈ వరస పక్కనే పెడతాను.

చార్మినార్_చోక్
సలాం సార్. మీ బ్యూక్ పక్కకు నా అంబాసిడర్ పెడత, రెండిటికి ఒకటే బకెట్ నీళ్లు.

ఆటోనగర్_టింకర్
ఆ ఎర్ర పద్మిని అతన్ని కూడా పిలవండి. వేరే క్లాసులో పెట్టండి, కానీ పిలవండి. వెలేస్తే ఆ కుర్రాడు రేపు బండి అమ్మేస్తాడు.

స్టీరింగ్‌గేరు
పిలుద్దాం. ఇంజిను చాలా శుభ్రంగా ఉంచుకున్నాడు, అది నేనే చూశాను. కాగితంలో నా పేరూ రాయండి. జడ్జీల్లో ఇద్దరు పాత డ్రైవర్లు, మెకానిక్కులు ఉండాలన్నది కూడా చేర్చండి.

కొత్తగా_వచ్చా
ఇది చదివాక ఆగలేకపోయాను. కవరు తీశాను. నాలుగు టైర్లూ నేలకి అంటుకుపోయాయి కానీ బాడీ గట్టిగానే ఉంది. కొత్త బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొట్టేయనా?

ఆటోనగర్_టింకర్
ఆగు తమ్ముడూ, తాళం ముట్టుకోకు! దాంట్లో టైమింగ్ బెల్టు రబ్బరుది, ఇన్నేళ్లలో ఎండిపోయి ఉంటుంది. ముందు అది మార్చాలి. ప్లగ్గులు మూడూ ఊడదీసి ఒక్కో సిలిండర్లో నాలుగు చుక్కలు ఇంజిన్ ఆయిల్ వేసి రెండు రోజులు వదిలెయ్. తర్వాత స్పానర్‌తో క్రాంక్ పుల్లీ చేత్తో తిప్పి చూడు, తేలిగ్గా తిరగాలి. ట్యాంకులో పాత పెట్రోలు మొత్తం దించెయ్. బ్రేకు వీల్ సిలిండర్లు పట్టేసి ఉంటాయి, కిట్లు మార్చకుండా బండి గేటు దాటించకు.

రాణిగంజ్_రోజూ
వీల్ సిలిండర్ కిట్లు, బెల్టు ఇక్కడ దొరుకుతాయి. ఛాసిస్ నంబరు ప్లేటు ఫొటో పంపు, సరైనవి చూసి చెప్తాను.

కొత్తగా_వచ్చా
ప్లేటు మీద గ్రీజు పేరుకుపోయింది, కిరోసిన్‌తో తుడుస్తున్నాను. పొద్దున పెడతా.